జలదానము - ఎరుక

దానములలో జలదానమునకు విశిష్టస్థానము కలదు. అన్నము లేక మనుష్యుడు కొన్ని దినములు గడుపవచ్చును గాని, నీరు లేక నిలువజాలడు. కావుననే ధర్మశాస్త్రకారులు యజ్ఞయాగాదులను ఇష్టమనియు, బావులు త్రవ్వించుట, చెరువులు కట్టించుట, తోటలు నాటించుట, అన్నము పెట్టుట మున్నగు ప్రజోపయోగకార్యములను పూర్తమనియు విభజించి, ఇష్టమునకు నియమములు పెక్కు విధించినను, పూర్తమునకు అందరును అధికారులే యని చెప్పిరి. వేసవిలో చలిపందిరి వేయించి, క్రొత్తకుండలలో నీరు నింపి, దారినపోవు వారి దప్పిక తీర్చుట తెలుగునాట ఊరూర నేటికిని నిలిచియున్న ఆచారము. పేరు తెలియని వానికి, మరల కనబడని వానికి నీరిచ్చుట ఈ ధర్మములోని గొప్పతనము.

భాగవత నవమస్కంధములో రంతిదేవుని కథ కలదు. నలువదియెనిమిది దినములు ఉపవాసముండిన ఆ మహారాజు, దైవవశమున లభించిన అన్నమును అతిథులకు వరుసగా పంచియిచ్చెను. తుదకు నీరు మాత్రమే మిగిలెను. దానిని త్రాగబోవు సమయమున దప్పిగొన్న చండాలుడొకడు వచ్చి యాచించెను. రంతిదేవుడు ప్రాణములు పోవు స్థితిలో నుండియు ఆ నీటిని వానికిచ్చివేసెను. తనకు సిద్ధులు వలదు, మోక్షమును వలదు, సమస్తప్రాణుల దుఃఖమును తాను వహించి వారిని దుఃఖరహితులను చేయుటయే చాలునని ఆయన కోరెను. జలదానమునకు ఇంతకంటె ఉత్తమోదాహరణము దొరకదు.

ఐతే రంతిదేవుని ఎదుట దాహార్తుడు వచ్చి నిలిచెను. ఆయన చేతిలోని నీరు త్రాగదగిన నీరేయని ఆయనకు తెలియును. ఈ కాలమున దాహార్తులలో పెక్కుమంది దాత యెదుటికి రాజాలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్ సంస్థయు కలసి చేసిన గణన ప్రకారము, 2022వ సంవత్సరమున సురక్షితముగా నిర్వహింపబడు త్రాగునీటి వసతి లేనివారు లోకములో సుమారు 220 కోట్లమంది. సురక్షితమైన పారిశుద్ధ్య వసతి లేనివారు సుమారు 350 కోట్లమంది. వీరిలో అధికులు ఆసియా, ఆఫ్రికా ఖండములలోని బీద దేశములవారు. వీరి నీటిని పరీక్షించుటకును, శుద్ధిచేయు ఉపాయములను కనుగొనుటకును, అక్కడివారికి ఆ విద్య నేర్పుటకును కొన్ని విశ్వవిద్యాలయములు పూనుకొని, ఆ కార్యమునకు విరాళములు కోరుచున్నవి. అట్టి విరాళము జలదానమగునా? బావి త్రవ్వించిన పుణ్యము దానివలన కలుగునా? ఇది నేటి ధర్మపరులకు ఎదురగు ప్రశ్న.

దీనికి మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది: ఇంటిచెంత దప్పిగొన్నవానిని విడిచి, సముద్రములకు ఆవల నున్నవానికి ఇచ్చుటేల? రెండవది: విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన ధనము ఉపాధ్యాయుల వేతనములకు, పరికరములకు, ప్రయాణములకు, కాగితములకు పోవును గాని, దానివలన ఎవని గొంతు తడియును? మూడవది: తీసికొనువానిని కన్నులతో చూడక ఇచ్చిన దానమునకు పాత్రవిచారము ఎట్లు కుదురును? ఈ మూడును తేలికగా త్రోసివేయదగినవి కావు. వీనికి సమాధానము వెదకుటకు పూర్వము, మంచి మనస్సుతోనే చేసిన ఒక జలదానము ఎట్లు పరిణమించెనో తెలిసికొనుట అవసరము.

బంగ్లాదేశ్ నదులతోను, చెరువులతోను, కుంటలతోను నిండిన దేశము. అక్కడ నీటికి కొరత లేదు. కాని ఆ నీటిలో కలరా, అతిసారము కలిగించు సూక్ష్మజీవులుండుటచే ఏటేట అసంఖ్యాకులైన పసిబిడ్డలు మరణించుచుండిరి. ఆ మరణములను ఆపదలచి, 1970వ దశకమునుండి అక్కడి ప్రభుత్వమును, యునిసెఫ్ మొదలగు సంస్థలును గొట్టపుబావులను విరివిగా వేయించినవి. నేలలోపలి నీరు సూక్ష్మజీవులు లేని నీరు. చేతిపంపు కొట్టగనే తేటనీరు వచ్చుచుండెను. గ్రామస్థులును సంతసించి, ఎవరికి వారు తమ పెరటిలో స్వంత ఖర్చుతో పంపులు వేయించుకొనిరి. కొన్ని సంవత్సరములకే గ్రామీణులలో అత్యధికులు ఆ నీటినే త్రాగజొచ్చిరి. దాతల సంకల్పములో దోషమేమియు లేదు.

దోషము నేలలో నున్నది. హిమాలయములనుండి నదులు వేలాది సంవత్సరములు కొట్టుకొనివచ్చి పేర్చిన ఒండ్రుమట్టిలో ఆర్సెనిక్ అను విషపదార్థము కలదు. నేలలోపల ప్రాణవాయువు చొరని చోట అది మట్టిని విడిచి నీటిలో కరగును. ఆ నీటికి రంగు మారదు, రుచి మారదు, వాసన యుండదు. కాచినను విషము పోదు. నీరు ఆవిరియై తరుగుటచే విషము మరింత చిక్కనగును. ఏండ్ల తరబడి త్రాగినవారి అరచేతులలోను, అరికాళ్లలోను చర్మము గట్టిపడి కాయలు కాయును, మేనిపై మచ్చలు లేచును, కొందరికి పుండ్లు పుట్టి కేన్సరుగా మారును. పొరుగున నున్న పశ్చిమబెంగాలులో 1983లో ఒక చర్మవైద్యుడు రోగుల మచ్చలను చూచి ఈ విషమును గుర్తించెను. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమునకు చెందిన దీపాంకర్ చక్రవర్తి 1988 మొదలుకొని గ్రామగ్రామము తిరిగి నీటిని పరీక్షించి, ఈ ఆపదను లోకమునకు చాటెను. బంగ్లాదేశ్ బావులలో అది 1993లో కనుగొనబడెను. ఒక జనసమూహము ఇంత పెద్దయెత్తున విషమునకు గురియగుట చరిత్రలో ఇదియే మొదటిసారి యని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పత్రికలో పరిశోధకులు ప్రకటించిరి. అంతకు పిదప 50 లక్షలకు దగ్గరగా బావులు పరీక్షింపబడినవి. విషముగల పంపులకు ఎరుపురంగు, లేనివానికి ఆకుపచ్చరంగు పూసిరి. సుమారు 14 లక్షల బావులకు ఎరుపురంగు పడినది.

ఈ వృత్తాంతములో ధర్మవిచారము చేయువారు గమనింపదగినది ఒకటి కలదు. ఆ దాతలను నిందించుటకు వీలులేదు. సూక్ష్మజీవులవలన కలుగు మరణములను తప్పించు ఉద్దేశ్యముతోనే వారు బావులు వేయించిరి. ఐనను వారి దానము విషమును పంచినది. శ్రద్ధ కలదు, ధనము కలదు, దయ కలదు. లేనిది ఎరుక యొక్కటియే. చిల్లగింజ యనబడు కతకబీజము మురికినీటిని తేటపరచును. కాని దాని పేరు ఉచ్చరించినంతమాత్రమున నీరు తేటపడదని మనుస్మృతి చెప్పుచున్నది. గింజను అరగదీసి నీటిలో కలుపవలెను. అట్లే దయ యను పేరు దానముపై నుండినంతమాత్రమున దానము నిర్దోషము కాదు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, పదునొకండవ అనువాకమున, చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు దానవిధిని ఉపదేశించెను. శ్రద్ధతో ఇయ్యవలెననియు, సంపదకు తగినట్లు ఇయ్యవలెననియు, లజ్జతోను భయముతోను ఇయ్యవలెననియు చెప్పి, చివర సంవిత్తుతో ఇయ్యవలెనని ముగించెను. శంకరభగవత్పాదులు ఇచ్చట సంవిత్తు అను పదమునకు మైత్రి మొదలగు కార్యము అని అర్థము చెప్పిరి. ఆ పదమునకే జ్ఞానము అనియు, ఒడంబడిక అనియు అర్థములు లోకములో ప్రసిద్ధములు. మైత్రి, ఒడంబడిక, జ్ఞానము అను మూడును ఒక పదములో ఇమిడియుండుట విచారింపదగినది. తీసికొనువానియెడ స్నేహము లేనిచో జ్ఞానము అహంకారమగును. జ్ఞానము లేనిచో స్నేహము కీడుచేయును. ఇరువురకు ఒడంబడిక లేనిచో ఆ రెండును నిలువవు.

ఈ మూడును కూడిన ఉదాహరణము ఆ బంగ్లాదేశ్‌లోనే కలదు. ఢాకా నగరమునకు చేరువ అరాయిహజార్ అను ప్రాంతమున 2000వ సంవత్సరమునుండి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమును, ఢాకా విశ్వవిద్యాలయమును, మరికొందరును కలసి వేలకొలది బావులను ఒక్కొక్కదానిని పరీక్షించిరి. అక్కడ తెలియవచ్చిన విషయము ఆశ్చర్యకరమైనది. ఒక ఇంటిపంపు నీరు విషమైనను, ముప్పది నలువది బారల దూరములోని పొరుగువాని పంపు నీరు నిర్దోషముగా నుండవచ్చును. ఏ బావి మంచిదో ఏది కాదో చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు, పరీక్ష వలననే తెలియును. పరీక్షఫలమును బావి యజమానునకు తెలిపిరి. తమ బావి చెడ్డదని తెలిసినవారిలో నూటికి 60 మంది వరకు సంవత్సరములోపల ఆ బావిని విడిచి మరియొక బావికి మారిరని పరిశీలనలో తేలినది. అంతకు మించి వారికి ఎవరును క్రొత్త బావి త్రవ్వియియ్యలేదు. ఒక మాట చెప్పిరి, అంతే. మిగిలిన దానమును పొరుగిల్లు చేసెను. ఆకుపచ్చరంగు పంపుగల ఇల్లాలు ఎరుపురంగు పంపుగల ఇల్లాలిని తన పెరటిలోనికి రానిచ్చి కడవ నింపుకొననిచ్చెను. దూరదేశపు జ్ఞానమును, ఇరుగుపొరుగుల మైత్రియు కలసిననే బిడ్డ గిన్నెలోనికి మంచినీరు వచ్చినది. మంచిబావి దగ్గరలో లేనివారికొరకు విషపుపొరలను దాటి లోతుగా కొన్ని బావులు తరువాత వేయింపబడినవి. వానిని ఎచ్చట వేయవలెనో తెలుపుటయు ఆ పరీక్షయే.

విశ్వవిద్యాలయమునకిచ్చిన ధనము ఎవని గొంతు తడుపునను ఆక్షేపణకు సమాధానము ఇందే కలదు. ఆ ధనముతో జీవించిన పరిశోధకుడు, ఆ ధనముతో కొన్న పరికరము, ఆ ధనముతో వ్రాసిన పట్టిక లేకున్నచో, ఆ ఇల్లాలు విషమునే తోడుచుండెడిది.

ఈ భావము పరదేశమునుండి వచ్చినదని ఎవరైనను తలంచినచో, వారు కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనమును స్మరింపవలెను. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువునకు 1369లో సంస్కృతభాషలో శాసనము వేయింపబడెను. చెరువు నిర్మాణమునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను అది పేర్కొనుచున్నది. అంగములలో మొదటిది ధర్మపరుడును ధనవంతుడునగు ప్రభువు. ఆ వెంటనే చెప్పబడినది నేలగాదు, రాయిగాదు, కూలిజనము గాదు, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు. దోషములలో చవుడునేల యొకటి, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట మరియొకటి. వేయిమంది కూలివారు రెండేండ్లు పనిచేసిన ఆ నిర్మాణములో, మట్టి యొక్కటి మోయకున్నను శాస్త్రజ్ఞుడు ఒక అంగమే. దాత ఇచ్చిన ధనములో అతని పోషణమునకు పోయినది వ్యర్థమని ఆ కాలపువారు తలపలేదు. అతడు లేనిచో చవుడునేలలో చెరువు వెలసి, చెరువు క్రింది పొలము పండకపోయెడిది. నేటి విశ్వవిద్యాలయములోని జలపరిశోధకుడు ఆ రెండవ అంగమునకు చెందినవాడు.

తెలుగునేలకు ఈ విషయములో మరియొక సంబంధము కలదు. నేలనీటిలోని ఫ్లోరైడు అధికమైనచో పండ్లు గారపట్టి మచ్చలుపడును, ఎముకలు గిడసబారి వంగును, నడివయస్సులోనే మనుష్యుడు నడుము నిలుపజాలడు. భారతదేశములో ఈ వ్యాధి మొదట 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తింపబడెను. నల్లగొండ జిల్లాలో దీనివలన తరతరములు బాధపడినవి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు ఈ దోషమును తగ్గించు నొక పద్ధతిని 1970వ దశకమున రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. పటికను, సున్నమును తగుపాళ్లలో నీటిలో కలిపి త్రిప్పి, కొంతసేపు నిలువయుంచినచో, ఫ్లోరైడులో చాలభాగము మడ్డితోకూడ అడుగునకు దిగును. బ్లీచింగు పౌడరు చేర్చుటవలన సూక్ష్మజీవులు నశించును. పైతేటను వంచుకొని వడకట్టి త్రాగవలెను. ఖరీదైన యంత్రము అవసరము లేదు.

తూర్పు ఆఫ్రికాలోని తాంజానియా దేశమున, అరుషా ప్రాంతపు అగ్నిపర్వతభూములలోని నీటిలోను ఇదే దోషము కలదు. 1990వ దశకమున దారెస్సలాము విశ్వవిద్యాలయమునకును, డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయమునకును చెందిన పరిశోధకులు ఈ పద్ధతిని అక్కడి పేదకుటుంబములు రెండు బకెట్లతో ఇంటనే చేసికొనునట్లు సవరించిరి. నల్లగొండ అను పేరు ఆఫ్రికా గ్రామములోని పూరింటికి చేరినది. ఈ పద్ధతికి పరిమితులును కలవు. ఫ్లోరైడు పూర్తిగా పోదు, పటికపాలు తప్పినచో చేటు కలుగును, మిగిలిన మడ్డిని జాగ్రత్తగా తొలగింపవలెను. ఆ పరిమితులను కనుగొన్నదియు పరిశోధనయే. నల్లగొండలోనే తరువాతి కాలమున నదీజలములను గొట్టముల ద్వారా ఇంటింటికి తెచ్చుట మేలైన మార్గమని ప్రభుత్వము గ్రహించినది. దగ్గరివానిని విడిచి దూరపువానికి ఇచ్చుటేల యను ఆక్షేపణ ఇచ్చట కొంత సడలును. ఒక ఊరి దుఃఖమునుండి పుట్టిన ఎరుక మరియొక ఖండములోని ఊరికి ఉపకరించినది. అక్కడ నేర్చినది ఇక్కడికిని రావచ్చును. నీటిని కావడిలో కొంతదూరమే మోయగలము, ఎరుకకు అట్టి హద్దు లేదు.

అట్లని దగ్గరివారిని మరువవచ్చునని కాదు. తనవారు దుఃఖించుచుండగా పరులకు దానము చేయు సమర్థుని ధర్మము పైకి తేనెవలె తోచినను లోన విషమనియు, అది ధర్మము కాదు, ధర్మమునకు నీడమాత్రమే యనియు మనుస్మృతి హెచ్చరించుచున్నది. ఇల్లు, ఇరుగుపొరుగు, ఊరు ముందు చూచుకొనవలసినవే. కాని ఆ విధి నెరవేర్చిన పిదప మిగిలిన దానిలో భాగము దూరమునకు పోవుట అధర్మము కాదు. ఊరిచెరువు కలుషితమగుచుండగా చూచి ఊరకుండి, దూరదేశపు పనికి విరాళమిచ్చి తృప్తిపడువాడును, ఊరు ఊరు అని చెప్పుచు ఊరికిగాని దూరమునకుగాని ఏమియు ఇయ్యనివాడును ఒక్కటియే.

పాత్రవిచారమనునది మూడవ ఆక్షేపణ. దేశమును, కాలమును, పాత్రమును ఎరిగి, ప్రత్యుపకారమును ఆశింపక ఇచ్చునది సాత్త్వికదానమని గీతలో పదునేడవ అధ్యాయమున చెప్పబడినది. తీసికొనువానిని చూడక ఇచ్చునపుడు ప్రత్యుపకారమునకు తావే లేదు. ఆ మేరకు ఇది నిర్మలము. పాత్రవిచారము మాత్రము వేరొక రూపము దాల్చును. విశ్వవిద్యాలయము గొప్పదా, దానికి పేరు కలదా యని అడుగుట చాలదు. అది చేయు పని ఎట్టిదని అడుగవలెను. ఇందులో మోసపోవుటకు అవకాశము లేకపోలేదు. సంపన్నదేశపు పరిశోధకుడు పేదపల్లెకు వచ్చి, నీటిని సీసాలలో పట్టుకొనిపోయి, వ్యాసము వ్రాసి కీర్తి గడించి, పరీక్షఫలమును ఆ బావి యజమానునకే తెలుపకుండుట కలదు. అట్టిచో పేదవాని దుఃఖము పరులకు పెట్టుబడియగును. అది దానపాత్రము కాదు.

మంచి కార్యమునకు లక్షణమేమో తెలియుటకు మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమును చూడవచ్చును. అక్కడి చిన్నపట్టణములకు కొండవాగులనుండి వచ్చు నీరు వానకాలమున బురదమయమగును. విద్యుత్తుపై ఆధారపడు నీటిశుద్ధి యంత్రములు అట్టిచోట చెడిపోయినచో బాగుచేయువారుండరు. కార్నెల్ విశ్వవిద్యాలయములో 2005లో ఆరంభమైన ఆగువాక్లారా అను కార్యక్రమములో ఉపాధ్యాయులును విద్యార్థులును, విద్యుత్తు అక్కరలేక నీరు పల్లమునకు పారు స్వభావముచేతనే పనిచేయు శుద్ధికేంద్రములను రూపొందించిరి. అక్కడి స్థానికసంస్థ వానిని కట్టించినది. నడుపువారు ఆ ఊరివారే. నెలనెల నీటిరుసుము చెల్లించి దానిని నిలుపుకొనువారును ఆ ఊరివారే. నిర్మాణపటములను అందరికి ఉచితముగా ప్రకటించిరి. ఒక కేంద్రములో కనబడిన లోపమును ఆ తరువాతి కేంద్రములో సవరించిరి. ఇచ్చట సంవిత్తు అను పదములోని ఒడంబడిక యను అర్థము సార్థకమగుచున్నది. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయములో 1971లో ఏర్పడిన జలవిభాగము బీదదేశములనుండి వచ్చిన ఇంజనీర్లకు ఈ విద్య నేర్పుటనే ప్రధానముగా పెట్టుకొనెను. నేర్చినవాడు తన దేశమునకు మరలిపోయి తానే పనిచేయును. ఇది జలదానమును విద్యాదానమును ఏకమైన చోటు.

నీటిని గూర్చి చెప్పి శౌచమును గూర్చి చెప్పకున్నచో విషయము సగమే యగును. నీటిలో మలమూత్రములు విడువరాదని స్మృతులు నిషేధించినవి. శౌచము దైవపూజకు మొదటిమెట్టు. ఐనను 2022లో లోకమున 40 కోట్లకు పైబడినవారు ఆరుబయటనే మలవిసర్జన చేయుచుండిరి. మరుగుదొడ్డి గుంట బావికి మిక్కిలి దగ్గరయైనను, అడుగు జలమట్టమునకు తగిలినను, కట్టిన మరుగుదొడ్డియే బావిని చెరచును. నేలస్వభావము నెరిగి ఎంత దూరము, ఎంత లోతు అని చెప్పుటకు ఇచ్చటను శాస్త్రజ్ఞుడే కావలెను.

దీనిలో సున్నితమైన ధర్మసంకట మొకటి కలదు. బంగ్లాదేశ్‌లోని రాజషాహి జిల్లాలో 1999, 2000 ప్రాంతమున కమల్ కార్ అను భారతీయుడు ఒక పద్ధతిని ప్రారంభించెను. ఎవరికిని ఉచితముగా మరుగుదొడ్డి కట్టియియ్యక, గ్రామస్థులనే వెంటబెట్టుకొని ఊరిలోని మలినస్థలములను త్రిప్పిచూపి, ఆ మలినము ఈగలద్వారా, నీటిద్వారా తమ నోటికే చేరుచున్నదని వారే గ్రహించునట్లు చేయుట ఆ పద్ధతి. గ్రహించినవారు తమకు తోచిన రీతిలో తామే మరుగుదొడ్లు కట్టుకొనిరి. ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి అభివృద్ధి అధ్యయన సంస్థ ఈ పద్ధతిని పరిశీలించి పలుదేశములకు వ్యాపింపజేసినది. ధనమునకంటె ఎరుకయే పనిచేసినదను మాట నిజము. కాని కొన్నిచోట్ల ఈ పద్ధతి పేదలను నలుగురిలో సిగ్గుపరచుటకు, బెదరించుటకు దారితీసినదను విమర్శయు కలదు. ఆ విమర్శను ఆలకింపవలెను. ఉపనిషత్తు దానవిధిలో లజ్జను, భయమును చెప్పినది. కాని అవి దాతకు ఉండవలసిన లజ్జాభయములు. ఇచ్చినది కొంచెమే గదా యని లజ్జ. ఇచ్చినది కీడు చేయదుగదా యని భయము. ఈ రెండును దాతను విడిచి తీసికొనువాని తలకెక్కినపుడు ధర్మము తలక్రిందులగును. ముసలితల్లిని, గుంట త్రవ్వుకొను శక్తిలేని దరిద్రుని నలుగురిలో అవమానించి సాధించిన శుభ్రత శౌచము కాజాలదు. శౌచము దేహమునకు మాత్రమేగాక మనస్సునకును కావలెను గదా!

ఇట్లు విచారించినపుడు, విశ్వవిద్యాలయముల జలకార్యమునకు ఇచ్చు విరాళము నిస్సందేహముగా పూర్తధర్మమే యగును. ఐతే దాత కొన్ని ప్రశ్నలు అడిగి ఇయ్యవలెను. ఇచ్చు నీరు పరీక్షింపబడినదా? ఆ పరీక్ష ఒక్కమారుతో ముగియునా, ఏటేట జరుగునా? ఫలము ఆ ఇంటివారికి వారి భాషలో తెలుపబడునా? ఆ దేశపు విద్యార్థులును విద్వాంసులును ఆ పనిలో సమానులుగా నున్నారా, కేవలము సీసాలు మోయుటకే నున్నారా? పరిశోధకులు మరలిపోయిన పదియేండ్లకు పంపు చెడినచో బాగుచేయువారెవరు? ఈ చివరిప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. బావులను, చెరువులను, దేవాలయములను శిథిలమైనపుడు బాగుచేసినవానికి తొలుత కట్టించినవానితో సమానమైన ఫలము కలుగునని విష్ణుస్మృతి చెప్పుచున్నది. క్రొత్తదానికి శిలాఫలకము వేయించుకొనుటకు దాతలు దొరకుదురు. తెగిన తోలుబిళ్లను మార్చుటకు, ఏటేట నీటిని పరీక్షించుటకు పేరులేని దాతలు కావలెను. అట్టివారికిని సమానఫలమే యని స్మృతి అభయమిచ్చుచున్నది.

ఈ ప్రశ్నలు దూరమునకు మాత్రమే గాదు, చెంతనే నున్న పనికిని వర్తించును. ఊరిలో తల్లిదండ్రుల పేర బోరుబావి వేయించువాడు, ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత కలదో ఒకమారు పరీక్ష చేయించి, పిదప దానిని ప్రజలకు విడుచుట అతని విధి. పరీక్షకగు వ్యయము బావి వ్యయములో మిక్కిలి స్వల్పము. చలిపందిరి వేయించువాడు కుండలోని నీరు ఏ పంపునుండి వచ్చినదో తెలిసికొనుట అతని విధి. దూరదేశములలో జనులు దేహములతో చెల్లించిన మూల్యమునకు నేర్చుకొన్న పాఠము ఇది. దానిని నేర్చుకొనకుండుట ఆ దుఃఖమును వ్యర్థము చేయుటయే.

నీటికి నారములని పేరు. వానిని అయనముగా, అనగా నివాసముగా గలవాడు కావుననే భగవానుడు నారాయణుడని పూర్వులు నిర్వచించిరి. దేవాలయమున అర్చకుడు అరచేతిలో పోసిన తీర్థమును భక్తుడు సందేహింపక కన్నుల కద్దుకొని త్రాగును. అది నిర్మలమను విశ్వాసమే దానికి కారణము. లోకములో ప్రతి బిడ్డయు తల్లి యిచ్చిన నీటిని అట్టి విశ్వాసముతోనే త్రాగుచున్నాడు. ఆ విశ్వాసము వమ్ముకాకుండ, ఆ నీరు నిజముగా నిర్మలమగునట్లు చూచు పనిలో, తెలిసినవాడు తెలివిని, కలిగినవాడు కలిమిని వినియోగించుట నారాయణుని నివాసమును శుభ్రపరచు కైంకర్యమే. ఆ కైంకర్యమునకు దూరము లేదు, దేశభేదము లేదు.